గుత్తకి తీసుకున్న స్పేస్ క్యాప్సూల్: బోయింగ్, స్పేస్‌ఎక్స్, బ్లూ ఆరిజిన్ ఎవరి లెక్క ఏంటి

2014 సెప్టెంబర్ 16న నాసా ఒకే పనిని ఇద్దరికి ఇచ్చింది. ఆస్ట్రోనాట్లని ఇంటర్నేషనల్ స్పేస్ స్టేషన్‌కి తీసుకెళ్లాలి, క్షేమంగా తిరిగి తేవాలి, అంతే పని. దానికి బోయింగ్‌కి 420 కోట్ల డాలర్లు, స్పేస్‌ఎక్స్‌కి 260 కోట్ల డాలర్లు. అప్పట్లో చాలామంది అనుకున్నది ఏంటంటే బోయింగ్ అనుభవం ఉన్న కంపెనీ కాబట్టి టైముకి ఇచ్చేస్తుంది, స్పేస్‌ఎక్స్ కుర్రాళ్లు ఎక్కడైనా తడబడితే వెనకాల బోయింగ్ ఉంది కదా అని. జరిగింది మొత్తం రివర్స్. స్పేస్‌ఎక్స్ క్యాప్సూల్ క్రూ డ్రాగన్ 2020లో మనుషుల్ని ఎక్కించుకుని ఇప్పటికి నాసా కోసమే డజనుకి పైగా ట్రిప్పులు వేసేసింది, బోయింగ్ క్యాప్సూల్ స్టార్‌లైనర్ మాత్రం 2024లో ఒకే ఒక్కసారి మనుషుల్తో పైకెళ్లి ఖాళీగా కిందకి దిగింది.

దీనికి అందరూ చెప్పే కారణం ఒకటుంది, పాత కంపెనీ బద్ధకం, కొత్త కంపెనీ చురుకు అని. వినడానికి బానే ఉంటుంది గానీ సరిపోదు. ఎందుకంటే స్పేస్‌ఎక్స్ కూడా మూడేళ్లు లేటు, వాళ్ల క్యాప్సూల్ కూడా 2019 ఏప్రిల్‌లో టెస్ట్ స్టాండ్ మీద పేలి ముక్కలైంది, వాళ్ల రాకెట్లు 2015లో ఒకటి గాల్లో, 2016లో ఒకటి ప్యాడ్ మీద పోయాయి. అసలు తేడా ఇంజినీరింగ్ కంటే ముందు మొదలైంది, ఈ బండి తయారు చేస్తే నాసా కాకుండా ఇంకెవరికి పనికొస్తుంది అనే దగ్గర. ఆ ప్రశ్నకి ఎవరి దగ్గర సమాధానం ఉందో వాళ్లు సొంత డబ్బు పెట్టడానికి వెనకాడలేదు, లేనివాళ్లు ప్రతి డాలర్‌కీ లెక్క చూసుకున్నారు.

ముందు ఈ కాంట్రాక్ట్ రకం అర్థం కావాలి. ఇల్లు కట్టించేటప్పుడు మేస్త్రీకి గుత్తకి ఇవ్వొచ్చు, లేదా మెటీరియల్ మనమే కొని కూలి రోజువారీ ఇవ్వొచ్చు. గుత్త అయితే సిమెంట్ రేటు పెరిగినా గోడ పడగొట్టి మళ్లీ కట్టాల్సొచ్చినా మేస్త్రీ జేబులోంచే. నాసా దశాబ్దాల పాటు పెద్ద పనులన్నీ రెండో పద్ధతిలోనే చేయించింది, అంటే కంపెనీకి ఎంత ఖర్చైతే అంత ఇచ్చి పైన లాభం కూడా ఇవ్వడం. మళ్లీ చంద్రుడి మీదకి మనుషుల్ని పంపే ఆర్టెమిస్ ప్రోగ్రాం కోసం ఎస్ఎల్ఎస్ రాకెట్‌లో బోయింగ్ పని, ఒరాయన్ క్యాప్సూల్‌లో లాక్‌హీడ్ మార్టిన్ పని ఇలాంటివే, వాటి మొదటి నాలుగు ఆర్టెమిస్ ప్రయోగాలకి ఒక్కోదానికి 410 కోట్ల డాలర్లు అవుతుందని నాసా సొంత ఇన్‌స్పెక్టర్ జనరలే (లోపలి ఆడిటర్) 2022లో లెక్క చెప్పారు. బోయింగ్, స్పేస్‌ఎక్స్‌లకి ఇచ్చిన పని, నాసా పెట్టిన పేరు కమర్షియల్ క్రూ, మాత్రం గుత్త. ఫిక్స్‌డ్ ప్రైస్. దాటితే కంపెనీ భరించాలి.

నాసా ఈ దారి పట్టడానికి కారణం అవసరమే. 2011 జులైలో ఆఖరి షటిల్ దిగిపోయాక అమెరికా దగ్గర మనుషుల్ని పంపే బండే లేదు, రష్యా సోయజ్‌లో సీట్లు కొనుక్కోవాల్సిందే, ఆ సీటు రేటేమో ఏటేటా పెరుగుతూ 2020 నాటికి దాదాపు 9 కోట్ల డాలర్లకి చేరింది. ఇంకోపక్క కాంగ్రెస్ మొదటి కొన్నేళ్లు అడిగినంత డబ్బు ఇవ్వలేదు. అందుకే చిన్న చిన్న మొత్తాలతో మొదలైంది. 2010 ఫిబ్రవరిలో మొత్తం 5 కోట్ల డాలర్లు ఐదుగురికి పంచారు, అందులో ఎక్కువ వచ్చింది డ్రీమ్ చేజర్ అనే రెక్కల బండి చేస్తున్న సియెర్రా నెవాడా కంపెనీకి 2 కోట్లు, బోయింగ్‌కి 1.8 కోట్లు, జెఫ్ బెజోస్ కంపెనీ బ్లూ ఆరిజిన్‌కి 37 లక్షలు. ఆ లిస్టులో స్పేస్‌ఎక్స్ పేరే లేదు. 2012 ఆగస్టుకి వచ్చేసరికి బోయింగ్ 46 కోట్లు, స్పేస్‌ఎక్స్ 44 కోట్లు, సియెర్రా నెవాడా 21 కోట్ల పైచిలుకు, ఈ ముగ్గురే మిగిలారు.

2014 ఫైనల్ సెలెక్షన్‌లో ఒక ఆసక్తికరమైన విషయం ఉంది. ఓడిపోయిన సియెర్రా నెవాడా జీఏఓకి (ప్రభుత్వ కాంట్రాక్టుల మీద ఫిర్యాదులు వినే అమెరికా ఆడిట్ ఆఫీసు) కంప్లైంట్ చేయడం వల్ల పోలిక కోసం లెక్కగట్టిన రేట్లు బయటికొచ్చాయి, ఇవి పైన చెప్పిన కాంట్రాక్ట్ మొత్తాలు కావు, బోయింగ్ 301 కోట్లు, సియెర్రా నెవాడా 255 కోట్లు, స్పేస్‌ఎక్స్ 175 కోట్లు. అందరికంటే ఎక్కువ రేటు చెప్పిన బోయింగ్‌కే టెక్నికల్ మార్కులు కూడా అందరికంటే ఎక్కువ. 2015 జనవరిలో జీఏఓ ఆ కంప్లైంట్ కొట్టేసింది. అప్పటికి అందుబాటులో ఉన్న కాగితాలు చూస్తే నాసా నిర్ణయంలో తప్పు పట్టడం కష్టం, బోయింగ్ కాగితం నిజంగానే బాగుంది. కాగితంలో కనపడనిది ఏంటంటే, కష్టం వచ్చినప్పుడు కంపెనీ ఎంతవరకు లోపలికి దిగుతుంది అన్నది.

బోయింగ్ తీసుకున్న నిర్ణయాలు విడివిడిగా చూస్తే ప్రతిదీ తెలివైనదే. రాకెట్ సొంతంగా చేసుకోనక్కర్లేదు, తమకి సగం వాటా ఉన్న రాకెట్ కంపెనీ యూఎల్ఏ వాళ్ల అట్లాస్-5 ఉంది, దానికి మంచి పేరుంది. థ్రస్టర్లు (క్యాప్సూల్‌ని అటూ ఇటూ తిప్పే చిన్న ఇంజిన్లు), ప్రొపల్షన్ పని ఏరోజెట్ రాకెట్‌డైన్ అనే ఇంజిన్ల కంపెనీకి. ఫ్లోరిడాలో షటిల్ ఖాళీ చేసిన షెడ్డు లీజుకి. తిరిగి వాడే క్యాప్సూళ్లు రెండుంటే ఏడాదికి ఒక ట్రిప్పుకి చాలు. టెస్టుల్లో కూడా అంతే, రాకెట్ గాల్లో ఉండగా పాడైతే క్యాప్సూల్ విడిపోయి తప్పించుకునే టెస్ట్ అవసరం లేదు, ప్యాడ్ మీద టెస్ట్ చేసి మిగతాది అనాలిసిస్‌తో చూపిస్తామన్నారు, నాసా ఒప్పుకుంది. అన్నీ రిస్క్ తగ్గించే నిర్ణయాల్లాగే కనిపిస్తాయి. కానీ అన్నీ కలిపి చూస్తే వచ్చేది ఏంటంటే, ఏ చిన్న మార్పు కావాలన్నా ఇంకో కంపెనీని అడగాలి, ఇంకో బిల్లు కట్టాలి. 2021లో ప్రయోగానికి కొన్ని గంటల ముందు 13 ఆక్సిడైజర్ (ఫ్యూయల్‌ని మండించే ద్రవం) వాల్వులు బిగుసుకుపోయినప్పుడు తప్పెవరిదని బోయింగ్‌కీ ఏరోజెట్‌కీ మధ్య గొడవ నడిచింది కూడా.

నాసా కాకుండా వేరే కస్టమర్ సంగతి బోయింగ్ ఆలోచించలేదా అంటే, ఆలోచించింది. బిగెలో ఏరోస్పేస్ వాళ్లు గాలితో ఉబ్బే స్పేస్ స్టేషన్లు పెడతారు, అక్కడికి టూరిస్టుల్ని మనం తీసుకెళ్తాం అని ప్లాన్. బిగెలో 2020లో ఉద్యోగుల్ని మొత్తం తీసేసి ఆగిపోయింది. ఆ తర్వాత స్టార్‌లైనర్‌కి మిగిలిన కస్టమర్ నాసా ఒక్కటే, అదీ ఆరు ట్రిప్పులే. ఆరు ట్రిప్పుల వ్యాపారానికి సొంత డబ్బు వంద కోట్లు అదనంగా పెట్టమంటే ఏ సీఎఫ్ఓ అయినా ముందు వెనకా చూస్తాడు, అందులో ఆశ్చర్యం ఏమీ లేదు.

ఇక్కడే ఒక ముచ్చట చెప్పుకోవాలి. బోయింగ్‌కి రష్యా ఎనర్జియా కంపెనీతో సీ లాంచ్ అనే పాత ప్రాజెక్ట్ మీద కోర్టు గొడవ ఉండేది, అది సెటిల్ అయ్యేటప్పుడు డబ్బుకి బదులు సోయజ్ సీట్లు వచ్చాయి. 2017లో ఆ సీట్లు ఐదు, 37 కోట్ల 35 లక్షల డాలర్లకి నాసాకి అమ్మింది. అంటే తన క్యాప్సూల్ లేటవడం వల్ల నాసాకి వచ్చిన కొరతని తనే సోయజ్ సీట్లతో తీర్చింది, దానికి డబ్బు తీసుకుంది. చట్టపరంగా ఇందులో తప్పేం లేదు, కాకపోతే చూడ్డానికి మాత్రం బాగోలేదు. దానికి తోడు షెడ్యూల్‌లో గ్యాప్ రాకుండా అంటూ గుత్త రేటు పైన ఇంకో 28 కోట్ల 72 లక్షల డాలర్లు కూడా బోయింగ్‌కి నాసా ఒప్పుకుంది, ఇలాంటి అవకాశం స్పేస్‌ఎక్స్‌కి ఇవ్వలేదని 2019 నవంబర్‌లో ఇన్‌స్పెక్టర్ జనరల్ గట్టిగానే రాశారు. అదే రిపోర్ట్‌లో సీటు లెక్క కూడా ఉంది, స్టార్‌లైనర్‌లో 9 కోట్లు, డ్రాగన్‌లో 5.5 కోట్లు.

ఆ రిపోర్ట్ వచ్చిన నెలకే, 2019 డిసెంబర్ 20న, స్టార్‌లైనర్ మనుషులు లేకుండా మొదటిసారి లేచింది. రాకెట్ నుంచి టైం తీసుకోవడంలో తప్పు జరిగి క్యాప్సూల్ గడియారం 11 గంటలు తేడాగా నడిచింది, ఎప్పుడో చేయాల్సిన పనులు అప్పుడే చేస్తూ ఫ్యూయల్ కాల్చేసుకుంది, స్టేషన్ దాకా వెళ్లకుండానే రెండు రోజుల్లో దిగిపోయింది. ప్రయోగం నుంచి డాకింగ్ (స్టేషన్‌కి అతుక్కోవడం) వరకు మొత్తం సాఫ్ట్‌వేర్‌ని ఏకబిగిన టెస్ట్ చేయకుండా ముక్కలు ముక్కలుగా చేశారని తర్వాత తేలింది, విచారణ 80 సిఫార్సులు ఇచ్చింది. ఏకబిగిన టెస్ట్ చేస్తే కొంత టైము, కొంత ఖర్చు. చేయనందుకు రెండోసారి ఎగరేయడానికి బోయింగ్ పక్కన పెట్టాల్సొచ్చింది 41 కోట్ల డాలర్లు. పాత పద్ధతి కాంట్రాక్ట్ అయితే ఈ బిల్లు నాసాకే వెళ్లేది, గుత్త కాబట్టి షేర్‌హోల్డర్ల మీద పడింది.

తర్వాత కథ అందరికీ తెలిసిందే. 2024 జూన్ 5న బుచ్ విల్మోర్, సునీతా విలియమ్స్ బయల్దేరారు, దారిలో హీలియం లీకులు, స్టేషన్ దగ్గరికి వచ్చేసరికి ఐదు థ్రస్టర్లు ఆగిపోయాయి, నాలుగు మళ్లీ పనిచేశాయి. ఆగస్టు 24న నాసా ఖాళీగానే దించేద్దామంది. వారం పదిరోజుల కోసం వెళ్లినవాళ్లు 286 రోజులుండి 2025 మార్చిలో డ్రాగన్‌లో తిరిగొచ్చారు. ఇందులో వ్యాపార నిర్ణయానికి సంబంధించిన పాయింట్ ఒకటుంది, ఇబ్బంది పెట్టిన థ్రస్టర్లు ఉన్నది సర్వీస్ మాడ్యూల్‌లో, అది ప్రతిసారీ వదిలేసి కాలిపోయే భాగం. అంటే పాడైన సామాను చేతికి రాదు, నేల మీద ఇంకో ఇంజిన్ పెట్టి ఊహించుకుంటూ పరీక్షించాలి. డ్రాగన్‌లో థ్రస్టర్లు క్యాప్సూల్‌లోనే ఉంటాయి, ప్రతిసారీ తిరిగొస్తాయి, విప్పి చూసుకోవచ్చు. స్టార్‌లైనర్ మీద బోయింగ్ నష్టం ఇప్పటికి 200 కోట్ల డాలర్లు దాటేసింది, ఒక్క 2024లోనే 52 కోట్ల పైన.

ఇక స్పేస్‌ఎక్స్. వీళ్ల బలం తక్కువ రేటు అనుకుంటారు గానీ ఆ తక్కువ రేటు ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి. 2008 డిసెంబర్‌లో 160 కోట్ల డాలర్లకి 12 సరుకు ట్రిప్పుల కాంట్రాక్ట్ వచ్చింది, కంపెనీ అప్పుడు మునిగిపోయే స్థితిలో ఉంది, ఆ డబ్బే నిలబెట్టింది. సరుకు డ్రాగన్ వల్ల స్టేషన్‌కి వెళ్లి రావడం ఎలాగో నాసా ఖర్చుతోనే నేర్చుకున్నారు, ఫాల్కన్-9 ఎలాగూ శాటిలైట్ల కోసం రోజూ కావాల్సిందే. అంటే మనుషుల క్యాప్సూల్ కాంట్రాక్ట్‌లో కొత్తగా మోయాల్సిన బరువు తక్కువ. 2014లో కెన్నెడీ స్పేస్ సెంటర్ 39ఏ ప్యాడ్‌ని 20 ఏళ్లకి లీజుకి తీసుకున్నారు, దాని కోసం పోటీపడిన బ్లూ ఆరిజిన్ జీఏఓకి వెళ్లినా లాభం లేకపోయింది.

వాళ్లు వదులుకున్న వాటిలో పెద్దది రాకెట్ మంటతో నేల మీద దిగే ప్లాన్, ఎలాన్ మస్క్ ఎంతో గొప్పగా చూపించిన ఆ ఐడియాని 2017లో పక్కన పెట్టేసి ప్యారాచూట్‌తో సముద్రంలో దిగడానికే ఒప్పుకున్నారు, ఎందుకంటే అది నాసాకి సర్టిఫై చేసి చూపించడానికి అయ్యే ఖర్చు, టైము చాలా ఎక్కువ, వాళ్ల చూపు అప్పటికే తమ తర్వాతి భారీ రాకెట్ స్టార్‌షిప్ వైపు వెళ్లిపోయింది. పంతం పట్టకపోవడం కూడా ఒక వ్యాపార నిర్ణయమే. 2019లో క్యాప్సూల్ పేలినప్పుడు శకలాలు ఏరి, వాల్వు దాటి వచ్చిన ఆక్సిడైజర్ టైటానియం భాగాన్ని కొట్టడం వల్లే మంటలొచ్చాయని తేల్చి ఆ వాల్వుల బదులు బర్స్ట్ డిస్కులు (ప్రెషర్ పెరిగితేనే పగిలి తెరుచుకునే రేకులు) పెట్టారు. 2020 జనవరిలో గాల్లో ఉండగా తప్పించుకునే టెస్ట్ చేసి ఒక ఫాల్కన్-9ని కావాలనే పోగొట్టుకున్నారు. మే 30న బాబ్ బెన్‌కెన్, డగ్ హర్లీ బయల్దేరారు.

తర్వాతివి చిన్నవిగా కనిపించే పెద్ద నిర్ణయాలు. వాడిన క్యాప్సూల్‌నే మళ్లీ మనుషులకి వాడటానికి 2020లో నాసాని ఒప్పించారు. సరుకు డ్రాగన్‌ని కూడా కొత్త మోడల్‌కి మార్చేసి రెండింటికీ ఒకటే ప్రొడక్షన్ లైన్ చేశారు. బయట నుంచి కొనే ప్యారాచూట్ల సప్లయర్ పయనీర్ ఏరోస్పేస్ 2023లో దివాలా తీస్తే 22 లక్షల డాలర్లకి కంపెనీనే కొనేశారు, ఆ చిన్న కంపెనీ ఆగితే క్యాప్సూల్ మొత్తం ఆగుతుంది కదా మరి. అదే బండి 2021 సెప్టెంబర్‌లో కోటీశ్వరుడు జేర్డ్ ఐజాక్‌మన్‌కి, 2022 నుంచి ప్రైవేట్ స్పేస్ ట్రిప్పులు నడిపే యాక్సియమ్ కంపెనీకి టాక్సీలా తిరిగింది. మన తెలంగాణ మూలాలున్న రాజా చారి 2021 నవంబర్‌లో కమాండర్‌గా వెళ్లిందీ, 2025 జూన్‌లో శుభాంశు శుక్లా భారత ప్రభుత్వం కొన్న సీట్లో వెళ్లిందీ ఈ డ్రాగన్‌లోనే. అంటే నాసా 260 కోట్లతో మొదలైన బండికి ఇతర దేశాల ప్రభుత్వాలు, కోటీశ్వరులు కూడా టికెట్ కొంటున్నారు. బోయింగ్‌కి లేనిది, స్పేస్‌ఎక్స్‌కి ఉన్నది ఇదే.

అయితే నాసాకి ఇది పూర్తి ఆనందం కాదు. ఇద్దరుండాలని 2014లో పట్టుబట్టింది పోటీ కోసమే కాదు, ఒకడు ఆగితే ఇంకొకడు ఉండాలని. 2024లో ఆ ఇన్సూరెన్స్ పనిచేసింది, కాకపోతే ఎవరు ఎవరికి బ్యాకప్ అన్నది తారుమారైంది. ఆ తర్వాత ఒక్కడే మిగిలాడు. 2022లో నాసా స్పేస్‌ఎక్స్ దగ్గర మొదట మూడు ట్రిప్పులు 90 కోట్లకి, తర్వాత ఐదు ట్రిప్పులు 140 కోట్లకి అదనంగా కొంది, ట్రిప్పుకి నలుగురి చొప్పున భాగించి చూస్తే సీటు 7 కోట్ల డాలర్ల పైమాటే, మొదటి 5.5 కోట్లతో పోలిస్తే పెరిగింది. రేటు సంగతి అటుంచితే 2025 జూన్‌లో ట్రంప్‌తో గొడవపడిన మస్క్ డ్రాగన్‌ని ఆపేస్తానని పోస్ట్ పెట్టి కొన్ని గంటల్లో వెనక్కి తీసుకున్నాడు. ఆ కొన్ని గంటలు చాలు ఒక్క సప్లయర్ మీద ఆధారపడటం అంటే ఏంటో వాషింగ్టన్‌కి తెలియడానికి.

ఇదే పాఠం చంద్రుడి మీద మనుషుల్ని దించే ల్యాండర్ దగ్గర ఇంకో రకంగా నడిచింది. 2021 ఏప్రిల్ 16న నాసా స్పేస్‌ఎక్స్ ఒక్కరికే 289 కోట్ల డాలర్ల ల్యాండర్ కాంట్రాక్ట్ ఇచ్చింది, బ్లూ ఆరిజిన్ అడిగింది 599 కోట్లు. కాంగ్రెస్ ఆ ఏడాది ల్యాండర్లకి ఇచ్చింది 85 కోట్లే, నాసా అడిగిన దాంట్లో నాలుగో వంతు. స్పేస్‌ఎక్స్ రేటు తగ్గించలేదు, డబ్బు ఏ సంవత్సరం ఎంత కావాలో ఆ వాయిదాలు మార్చుకుంది, ప్రాజెక్ట్ ఖర్చులో సగానికి పైగా తనే పెట్టుకుంటానంది. స్టార్‌షిప్ ఎలాగూ తన కోసం కట్టుకుంటోంది కాబట్టి అది పెద్ద త్యాగం కాదు. బ్లూ ఆరిజిన్ మాత్రం లాక్‌హీడ్, నార్త్‌రాప్, డ్రేపర్‌లతో టీం కట్టి పాత పద్ధతి కాంట్రాక్టర్‌లా కోట్ చేసింది, పైగా అడ్వాన్స్ పేమెంట్లు అడిగింది, అది టెండర్ రూల్స్‌కే విరుద్ధం.

ఓడిపోయాక జూలైలో జెఫ్ బెజోస్ బహిరంగ లేఖ రాసి 200 కోట్ల డాలర్ల వరకు వదులుకుంటామన్నాడు. టెండర్ అయిపోయాక డిస్కౌంట్ ఇస్తానంటే ఎవరు తీసుకుంటారు. జీఏఓ జూలై 30న కొట్టేసింది, కోర్టుకెళ్తే నవంబర్‌లో అక్కడా కొట్టేశారు. ఈ గొడవంతా చిన్నపిల్లల అలకలా అనిపించినా బ్లూ ఆరిజిన్ నేర్చుకున్నది మాత్రం నిజం, 2023 మే 19న రెండో ల్యాండర్ కాంట్రాక్ట్ 340 కోట్లకి గెలిచినప్పుడు దానికంటే ఎక్కువ సొంత డబ్బు పెడతామని చెప్పి గెలిచింది. బోయింగ్ ఈసారి వాళ్ల టీంలో పార్ట్‌నర్‌గా ఉంది, ప్రధాన కాంట్రాక్టర్‌గా కాదు.

బ్లూ ఆరిజిన్ చరిత్రలో ఇది కొత్త మలుపే. 2012లో కమర్షియల్ క్రూ నిధుల రేసు నుంచి తప్పుకుని తన స్పీడులో తను వెళ్లింది, 2014లో బోయింగ్, స్పేస్‌ఎక్స్ గెలిచిన మర్నాడే యూఎల్ఏ రాకెట్ కోసం వాళ్లతో కలిసి బీఈ-4 ఇంజిన్ తయారుచేసే డీల్ ప్రకటించింది, అంటే క్యాప్సూల్ రేసులో లేకపోయినా రాకెట్ల కింద తన ఇంజిన్ ఉండేలా చూసుకుంది. స్పేస్ అంచుదాకా వెళ్లొచ్చే తన చిన్న రాకెట్ న్యూ షెపర్డ్‌లో పది నిమిషాల టూరిస్ట్ ట్రిప్పులు వేసింది, 2024 మేలో విజయవాడలో పుట్టిన గోపీ తోటకూర వెళ్లింది దాంట్లోనే. 2026 జనవరిలో ఆ ట్రిప్పుల్ని కనీసం రెండేళ్లు ఆపేసి మనుషుల్ని, డబ్బుని చంద్రుడి ల్యాండర్ వైపు మళ్లిస్తున్నామంది. నడుస్తున్న వ్యాపారాన్ని ఆపి కాంట్రాక్ట్ మీద పెట్టడం అంటే, ఇకపై తమ కస్టమర్ ఎవరో తేల్చుకున్నట్టే.

గుత్త అందరికీ సరిపడదు అన్నది కూడా ఈ పదేళ్లలోనే తేలింది. స్పేస్ సూట్ల కోసం 2022లో కాంట్రాక్ట్ తీసుకున్న కాలిన్స్ ఏరోస్పేస్ 2024లో తప్పుకుంది, ఇప్పుడు యాక్సియమ్ ఒక్కటే మిగిలింది. సియెర్రా వాళ్లు మనుషుల కాంట్రాక్ట్ పోయాక డ్రీమ్ చేజర్‌ని సరుకు బండిగా మార్చి 2016లో నాసా పని సంపాదించారు, కానీ 2025 సెప్టెంబర్‌లో నాసా ఆ కాంట్రాక్ట్‌ని మార్చి ఇన్ని ట్రిప్పులు కొనాలన్న బాధ్యత తీసేసుకుంది.

బోయింగ్ దగ్గరికి మళ్లీ వస్తే, 2025 నవంబర్‌లో నాసాతో కూర్చుని ఆరు ట్రిప్పులు నాలుగుకి తగ్గించుకుంది, ఆ నాలుగులో మొదటిది సరుకుతోనే, తగ్గించిన రెండింటినీ ఆప్షన్‌గా ఉంచారు. పూర్తిగా వదిలేస్తే ఇన్నాళ్లు పెట్టిన డబ్బు, పరువు రెండూ పోతాయి, నడిపితే ప్రతి మరమ్మతూ తన ఖాతాలోంచే. స్పేస్ స్టేషన్ 2030 వరకే అంటున్నారు. స్టార్‌లైనర్ కోసం యూఎల్ఏ పక్కన పెట్టిన అట్లాస్-5లు కొన్నే, రష్యా ఇంజిన్‌తో నడిచే ఆ రాకెట్ మళ్లీ తయారవదు, అవి అయిపోయాక యూఎల్ఏ కొత్త రాకెట్ వల్కన్ మీదకి మారాలంటే దాన్ని మనుషులకి సర్టిఫై చేయించాలి. ఆ సర్టిఫికేషన్ బిల్లు బోయింగ్ కట్టాలా, యూఎల్ఏ కట్టాలా, నాసా కట్టాలా అన్నది ఇంకా తేలలేదు, స్టేషన్ ఉండే నాలుగైదేళ్ల కోసం ఆ బిల్లు తీసుకోవడానికి ముగ్గురిలో ఎవరికీ తొందర ఉన్నట్టు కనిపించట్లేదు.